సెనేటు సభలో మూడు చీట్లు



ప్రజాప్రభుత్వమున సభ్యుని ఎన్నుకొనుట యెంత ముఖ్యమో, అతడెప్పుడు దిగిపోవలెనో నిర్ణయించుటయు నంత ముఖ్యము. అందఱును ఒక్కనాడే దిగిపోయి, క్రొత్తవారందఱును ఒక్కనాడే వచ్చుట యొక పద్ధతి. వంతులవారీగా కొందఱు దిగుచుండగా కొందఱు నిలిచియుండుట వేఱొక పద్ధతి. ఈ రెండవదానిని అమెరికా సంయుక్త రాష్ట్రముల సెనేటు సభ యెట్లు ఏర్పఱచుకొన్నదో, దానివలన కలిగిన మేలేమో, కొఱతయేమో నేడు విన్నవించెదను.

1787 వేసవిలో ఆ దేశపు పెద్దలు ఫిలడెల్ఫియా నగరమున కూడి రాజ్యాంగము వ్రాయుచుండిరి. వారికి రెండు భయములుండెను. ప్రతినిధిసభ రెండేండ్లకొకసారి పూర్తిగా మాఱును గనుక, అది తాత్కాలికావేశమునకు లోబడునేమో యనునది మొదటిది. దానిని నిగ్రహించుటకై దీర్ఘకాలపు పదవి గల మఱియొక సభను నెలకొల్పినచో, ఆ సభ్యులు ప్రజలను మఱచి ప్రభువులై కూర్చుందురేమో యనునది రెండవది. అలెగ్జాండరు హామిల్టను, సత్ప్రవర్తన యున్నంతకాలము పదవి నిలువవలెననెను. కొందఱు తొమ్మిదేండ్లనిరి, కొందఱు ఏడేండ్లనిరి, నాలుగేండ్లు చాలుననినవారును గలరు. తుదకు జూన్ 26వ తేదీన 6 సంవత్సరములకు సమ్మతించి, రెండేండ్లకొకసారి మూడవవంతు సభ్యులు దిగవలెనని నిర్ణయించిరి. ఈ వంతుల పద్ధతి వారికి క్రొత్తది కాదు. 1776లోనే వర్జీనియా రాజ్యాంగము తన సెనేటులోని 24 స్థానములను నాలుగు వర్గములుగా విభజించి, ఏటేట ఆర్గురు మాఱునట్లు విధించియుండెను.

అయితే ఒక చిక్కు గలదు. మొదటి సభ్యులందఱును ఒక్కసారే వచ్చిరి గదా! వారిలో రెండేండ్లకే దిగవలసినవారెవరు? ఆఱేండ్లు నిలువవలసినవారెవరు? 1789లో న్యూయార్కు నగరమున సభ కూడినప్పుడు ఈ ప్రశ్న తీర్చిరి. అప్పటికి లెక్కకు వచ్చినవారు 20 మంది. వారిని సాధ్యమైనంత సమముగా మూడు వర్గములు చేసిరి. ఒకే రాష్ట్రపు సభ్యులిద్దఱును ఒకే వర్గమున పడకుండ చూచిరి. మే 15వ తేదీన మూడు కాగితములపై 1, 2, 3 అను అంకెలు వ్రాసి, చుట్టి, పెట్టెలో వేసిరి. వర్గమునకొక్కరు చొప్పున చీటి తీసిరి. డాల్టనుకు 1, వింగేటుకు 2, లాంగ్డనుకు 3 వచ్చెను. మొదటి వర్గము రెండేండ్లకును, రెండవది నాలుగేండ్లకును, మూడవది ఆఱేండ్లకును దిగవలసియుండెను. పెన్సిల్వేనియా సభ్యులలో విలియము మెక్లే మొదటి వర్గమున పడి 1791లో దిగిపోయెను. రాబర్టు మారిసు మూడవ వర్గమున పడి 1795 వఱకు నిలిచెను.

నేను పాఠశాలలో ఈ కథ చెప్పినప్పుడు బాలురు నవ్వి, రాజ్యాంగమును చీటికి వదలుట యేమని యడిగెడివారు. అన్నదమ్ములు పొలము పంచుకొనునప్పుడు మన గ్రామములలో పెద్దమనుష్యులు చేయునదేమి? ముందు భాగములను సమము చేయుదురు, తరువాత చీట్లు వేయుదురు. భాగములు చేయుట బుద్ధి పని. ఎవరికేది యనుట చీటి పని. అక్కడ జరిగినదియు నంతియే. పిమ్మట పూర్తి గడువునకు ఎన్నికైన ప్రతివానికిని ఆఱేండ్లే. క్రొత్త రాష్ట్రము చేరినప్పుడు మాత్రము దాని యిద్దఱు సభ్యులకు మఱల చీట్లు వేయుదురు. 1959లో అలాస్కా, హవాయి రాష్ట్రములకును అట్లే చేసిరి. నేడు 50 రాష్ట్రములకు 100 మంది సభ్యులు. వర్గములు 33, 33, 34.

మేలు స్పష్టము. చెఱువునకు క్రొత్త నీరు వచ్చుచుండును, పాత నీరు ఒక్కసారిగా పోదు. పని తెలిసినవారు సభలో ఎల్లప్పుడును మిగిలియుందురు.

ఇక కొఱత. 1913 వఱకు సెనేటు సభ్యులను ఎన్నుకొన్నది ప్రజలు కాదు, రాష్ట్రముల శాసనసభలు. ఆ యేట 17వ సవరణము ఆ హక్కును ప్రజలకిచ్చెను. కాని అప్పటికే పదవిలో నున్నవారి గడువు చెడరాదని ఆ సవరణమే చెప్పెను. అందుచేత ఒక వర్గము 1914లోను, ఒకటి 1916లోను, తుదివర్గము 1918లోను ప్రజల యెదుటికి వచ్చినవి. చేతికి వచ్చిన హక్కు పూర్తిగా ఫలించుటకు అయిదేండ్లు పట్టెను. ఆవేశమును ఆపు కట్టయే న్యాయమును గూడ కొంతకాలము ఆపునన్నమాట.

మన రాజ్యసభయు ఈ త్రోవదే. 1952లో ఏర్పడిన ఆ సభ రద్దు కాదు. రెండేండ్లకొకసారి మూడవవంతు సభ్యులు దిగుదురు. మొదటివారిలో కొందఱికి రెండేండ్లు, కొందఱికి నాలుగేండ్లు, కొందఱికి ఆఱేండ్లు గడువు వచ్చెను. అయితే ఇచట రాష్ట్రముల స్థానములకు ఎన్నుకొనువారు నేటికిని శాసనసభ్యులే. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు మన 18 స్థానములలో ఆంధ్రప్రదేశమునకు 11, తెలంగాణమునకు 7 రాగా, ఏ సభ్యుడు ఏ రాష్ట్రమునకు చెందవలెనో చీట్లు వేసియే తేల్చిరి.

కావున నా తాత్పర్యమిది. ఒక్క యెన్నికలో పుట్టిన కోపము అమెరికా సెనేటులో మూడవవంతునే మార్చగలదు. ఆ కోపము వెనుక న్యాయముండి, ప్రజలు వరుసగా మూడు ఎన్నికలలో అదే మాటపై నిలిచినచో, నాలుగేండ్లలో మూడు వర్గములును వారి తీర్పునకు లోబడవలసినదే. వంతుల పద్ధతి ప్రజలను కాదనదు. మాటమీద నిలువుడని కోరును.