క్షయ క్రిమి: కాపలా కణంలోనే కాపురం

తమిళనాట కాసనోయ్ అంటారు. కర్ణాటక, మహారాష్ట్రల్లో క్షయ, ఒడిశాలో యక్ష్మా. పేరేదైనా ఆస్పత్రి చీటీ మీద కనిపించేది టీబీయే. మన వాళ్లలో చాలామంది డాక్టరు మాటను పొరుగు భాషలోనే వింటారు. ఆరు నెలలు మందులు వేసుకోవాలన్నంత వరకు అర్థమవుతుంది. ఎందుకు ఆరు నెలలో మాత్రం తెలియదు. అందుకే రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందులు మానేసేవారు ఉంటారు. ఆ 'ఎందుకు'కు జవాబు ఈ క్రిమికీ మన రోగనిరోధక శక్తికీ నడుమ జరిగే పోరులో ఉంది. దాన్నే ఇక్కడ మన మాటల్లో చెబుతున్నాం.

మింగినా చావదు

టీబీకి కారణమైన క్రిమిని కనుగొన్నట్టు జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించారు. రోగి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలతో ఈ క్రిమి ఎదుటివారి ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా చేరుతుంది. అక్కడ మాక్రోఫేజ్ అనే కణాలు కాపలా కాస్తుంటాయి. వచ్చిన క్రిమిని మింగి, లోపల ఒక సంచిలో బంధించి, ఆ సంచిలోకి ఆమ్లం, జీర్ణరసాలు వదిలి చంపడం వాటి పని.

మామూలు క్రిములకు అంతటితో సరి. టీబీ క్రిమి తీరు వేరు. దాని చుట్టూ మైనం లాంటి దట్టమైన కొవ్వు పొర ఉంటుంది. జీర్ణరసాలు సంచిలోకి చేరకుండా అది అడ్డుపడుతుంది. సంచి గోడకు చిల్లు పెట్టే ప్రొటీన్లనూ వదులుతుంది. దాన్ని చంపాల్సిన కణమే దానికి ఇల్లవుతుంది. పెరగడంలోనూ దానికి తొందర లేదు. పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకే రెట్టింపవుతుంది. ఇది రెట్టింపు కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది.

ముట్టడి

క్రిమి చొరబడిన కబురు ఛాతీలోని శోషరస గ్రంథులకు అందాలి, అక్కడ టీ కణాలు తయారవ్వాలి. ఇందుకు రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. టీ కణాలు వచ్చాక ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దాంతో మాక్రోఫేజ్‌లకు కొత్త బలం వస్తుంది. చాలా క్రిములు చస్తాయి. మిగిలిన వాటి చుట్టూ కణాలన్నీ చేరి గోడలా ముడివేసుకుంటాయి. ఈ గడ్డను గ్రాన్యులోమా అంటారు.

గోడ నిలిచినంత కాలం మనిషికి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, ఇతరులకు అంటదు. ఇదే నిద్రాణ టీబీ. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. కాబట్టి చర్మ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

గోడ ఎప్పుడు కూలుతుంది?

హెచ్‌ఐవీ ఈ పోరులో ముందుండే టీ కణాలనే తినేస్తుంది. కీళ్లవాతానికి ఇచ్చే కొన్ని మందులు గోడను నిలబెట్టే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. అందుకే వాటిని మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేస్తారు. మధుమేహం ఉన్నవారికి ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద శత్రువు చాలని తిండి. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబ సభ్యులకు అదనపు ఆహారం ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అలా తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 39 శాతం తగ్గింది.

గోడ కూలినప్పుడు నష్టం చేసేది క్రిమి ఒక్కటే కాదు. మన కణాల దాడిలో ఊపిరితిత్తి కండ కూడా కరిగి గుల్ల పడుతుంది. ఆ గుల్ల శ్వాసనాళంలోకి తెరుచుకుంటే ప్రతి దగ్గుతోనూ క్రిములు బయటికి వస్తాయి.

టీకా ఉంది కదా?

బీసీజీని మొదట 1921లో పారిస్‌లో ఒక శిశువుకు ఇచ్చారు. సంచి గోడకు చిల్లు పెట్టే నేర్పు ఈ టీకా క్రిమికి లేదు. ఆ జన్యుభాగం ఊడిపోయింది. పసిపిల్లలను మెదడు టీబీ వంటి తీవ్ర రూపాల నుంచి బీసీజీ బాగా కాపాడుతుంది. పెద్దల సంగతి తేల్చడానికి తమిళనాడులోని అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో భారీ ప్రయోగం మొదలైంది. రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్నారు. పెద్దల్లో ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేదని పదిహేనేళ్ల పరిశీలనలో తేలింది. కనుక చిన్నప్పుడు టీకా పడిందన్న ధీమా చాలదు.

అందుకే ఆరు నెలలు

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు ఇస్తారు. చురుగ్గా పెరిగే క్రిములు త్వరగా చస్తాయి, దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. కానీ కణాల్లో, గడ్డల్లో మందకొడిగా పడి ఉన్నవి ఇంకా బతికే ఉంటాయి. తర్వాతి నాలుగు నెలల మందులు వాటి కోసమే. మధ్యలో మానేస్తే అవే మళ్లీ లేస్తాయి, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగతావారు కూడా పరీక్ష చేయించుకుని, డాక్టరు చెబితే నివారణ మందులు వాడాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు దేశమంతటా ఉచితమే. పని కోసం రాష్ట్రం మారేవారు ముందే ఆస్పత్రిలో చెబితే చికిత్సను కొత్త ఊరికి బదిలీ చేస్తారు. పెళ్లి సంబంధాలు చెడతాయని జబ్బును దాచిపెట్టే ఇళ్లకు మేము చెప్పేది ఒక్కటే: దాచినంత కాలం అది ఇంట్లోవారికే అంటుతుంది, మందు పూర్తిగా వాడితే నయమవుతుంది.