విభక్తి

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కర్ఖేలి తెలంగాణ సరిహద్దుకు దగ్గరి ఊరు. ఆ ప్రాంతంలో మరాఠీతో పాటు తెలుగూ వినిపిస్తుంది. రెండు భాషల వ్యాకరణాల్లోనూ ‘విభక్తి’ అన్నదే మాట. సంస్కృత ‘భజ్’ ధాతువుకు ‘వి’ చేరి పుట్టింది. విభజన, విభాగం కూడా అక్కడివే.

జర్మన్ నేర్చుకునేవాళ్లకూ విభక్తులు ఎదురవుతాయి. ఆ భాషలో విభక్తిని ‘ఫాల్’ అంటారు. అసలర్థం పడటం, లాటిన్ ‘కాసుస్’కూ అదే అర్థం.

తెలుగులో సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు, జర్మన్‌లో నాలుగే: ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి. మన ప్రత్యయం నామం చివర చేరుతుంది. జర్మన్‌లో ఎక్కువగా నామం ముందుండే ఆర్టికల్ మారుతుంది. మనిషి ‘డేర్ మాన్’, మనిషిని ‘డేన్ మాన్’, మనిషికి ‘డేమ్ మాన్’.

చతుర్థి మనవాళ్లకు కొత్త కాదు. ‘నాకు చలిగా ఉంది’ అన్నది మరాఠీలో ‘మలా థండీ వాజతే’, జర్మన్‌లో ‘మీర్ ఇస్ట్ కాల్ట్’. మూడింటిలోనూ ‘నాకు’ అనే అంటారు. ఇంగ్లిషు మీదుగా జర్మన్‌కు వచ్చేవాళ్లు ఇక్కడే ‘నేను’ అని తడబడతారు.

జర్మన్ పిల్లలకు ఈ నాలుగింటినీ ప్రశ్నలతోనే నేర్పుతారు: ‘వేర్’, ‘వేన్’, ‘వేమ్’, ‘వెస్సెన్’. అంటే ఎవరు, ఎవరిని, ఎవరికి, ఎవరి. జర్మన్ మొదలుపెట్టే తెలుగువాళ్లు పట్టికలు బట్టీ పట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలూ తెలుగులోనే వేసుకోవాలి.