ఒకే స్వరమునకు రెండు పేర్లు: ఆంగ్ల, అమెరికా సంగీత పరిభాషల కథ

భాష యొక్కటియే యైనను సముద్రము దాటునప్పటికి మాటలు మాఱుట లోకసహజము. ఇంగ్లండు వారును అమెరికా వారును ఒకే భాష మాటలాడుదురు. ఒకే సంగీతలిపిని వ్రాయుదురు. అయిదు గీతలు, వానిపై చుక్కలు, చుక్కలకు కాడలు, కాడలకు కొక్కెములు: ఇందు లేశమును భేదము లేదు. ఒకే కాగితమును ముందుంచుకొని లండను వాద్యకారుడును న్యూయార్కు వాద్యకారుడును కలిసి వాయింపగలరు. కాని ఆ గుర్తుల పేర్లు చెప్పుమన్నచో ఇరువురి మాటలును పొసగవు. ఒకడు క్రాచెట్ అన్నదానిని వేఱొకడు క్వార్టర్ నోట్ అనును. ఈ భేదము పుట్టిన తీరు విచారింపదగినది.

ఈ గుర్తులు స్వరము నిలుచు కాలమును దెలుపును. ప్రతి గుర్తును తనకు పైదానిలో సగము. 1957 ఏప్రిల్ 1వ తేదికి ముందు రూపాయకు 16 అణాలుగా నడచిన లెక్క తెలిసినవారికి ఇది మిక్కిలి సులభము. పూర్ణస్వరమును రూపాయగా నెంచినచో, ఇంగ్లండులో దాని పేరు సెమిబ్రీవ్. అర్ధరూపాయ మినిమ్; పావలా క్రాచెట్; బేడ క్వేవర్; అణా సెమిక్వేవర్; అర్ధణా డెమిసెమిక్వేవర్; కాణీ హెమిడెమిసెమిక్వేవర్. అమెరికాలో నివియే వరుసగా హోల్, హాఫ్, క్వార్టర్, ఎయిత్, సిక్స్‌టీన్త్, థర్టీ సెకండ్, సిక్స్‌టీ ఫోర్త్ నోట్లు. అనగా ఇంగ్లండు పేర్లు పావలా, బేడ, కాణీల వలె నాణెములకు వచ్చిన సొంత పేర్లు. అమెరికా పేర్లు కేవలము వంతుల లెక్క.

సొంత పేర్లకు ఏడువందల యేండ్లకు మించిన చరిత్ర గలదు. 13వ శతాబ్ది ఉత్తరార్ధమున కొలోను నగరపు ఫ్రాంకో యను పండితుడు స్వరకాలమును గుర్తు రూపముచే నిర్ణయించు పద్ధతిని లాటిను గ్రంథమున స్థిరపఱచెను. ఆనాటి ముఖ్యమైన గుర్తులు లోంగా, బ్రెవిస్. లోంగా యనగా దీర్ఘము, బ్రెవిస్ అనగా హ్రస్వము. ఛందస్సునందలి గురులఘువుల వంటివే యివి. బ్రెవిస్‌ను విభజింపగా వచ్చినది సెమిబ్రెవిస్. 14వ శతాబ్ది తొలిపాదమున ఫ్రాన్సు దేశమున ఫిలిప్ ద విత్రీ పేర వెలసిన నూతన పద్ధతిలో అంతకంటె చిన్నదైన మినిమా చేరినది. మినిమా యనగా కనిష్ఠము. దానికి దిగువ మఱి లేదని భావము.

కాని కాలము గడచిన కొలది పెద్ద గుర్తుల నడక మందగించెను. వాని క్రింద చిన్నవి పుట్టుచు వచ్చెను. దీర్ఘమని పేరొందిన లోంగా వాడుక నుండి తప్పుకొన్నది. హ్రస్వమనిపించుకొన్న బ్రీవ్ నేడు మిగిలినవానిలో మిక్కిలి పొడవైనదై అరుదుగా గనబడుచున్నది. కనిష్ఠమను మినిమ్ క్రింద నిప్పు డయిదాఱు తరములు గలవు. ఈ వింత పాశ్చాత్యులకే చెల్లలేదు. ఛందస్సున లఘువు ఒక మాత్ర మాత్రమే. కాని కర్ణాటక సంగీతపు సప్తతాళములలో అనుద్రుతము, ద్రుతము, లఘువు అను మూడంగములే యుండ, వానిలో లఘువే పెద్దది. చతురశ్రజాతిలో దానికి నాలుగక్షరములు. పేరునకు చిన్న, పనికి పెద్ద!

క్రాచెట్ అను మాటకు చిన్న కొక్కెమని యర్థము. నేటి క్రాచెట్‌కు కొక్కెమే లేదు. కొక్కె మున్నది క్వేవర్‌కు. ఫ్రెంచివారు క్రోష్ అనునది ఈ క్వేవర్‌నే. కావున ఫ్రెంచి పుస్తకమున క్రోష్ అని చూచి క్రాచెట్ అనుకొన్నవాడు బేడను పావలాగా జమకట్టినవా డగును. క్వేవర్ అనగా గొంతు వణకించుట. 1597లో లండనున వెలువడిన థామస్ మోర్లీ సంగీతశిక్షా గ్రంథమునాటికే ఈ పేర్లు ఇంగ్లీషున వాడుకలో నున్నవి.

అమెరికాలో తొలుత నడచినవియు నవియే. 19వ శతాబ్దిలో గాలి మాఱినది. జర్మనులు స్వరములను పూర్తి, అర, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు అని పిలుతురు. 1848 విప్లవముల కాలమున జర్మను వాద్యకారు లనేకులు అమెరికా చేరిరి. ఆ యేటనే బెర్లిను నుండి వచ్చిన జర్మేనియా సంగీత సమాజము 1854 వఱకు ఊరూర కచేరీలు చేసెను. బాల్యమున జర్మనీ నుండి వచ్చిన థియొడోర్ థామస్ 1891లో షికాగో వాద్యబృందమును స్థాపించెను. 1843లో వెలసిన లైప్‌జిగ్ సంగీత విద్యాలయమునకు అమెరికా యువకులు చదువునకై పోవుచుండిరి. ఇట్లు గురువులతో కూడ వారి వంతుల పేర్లును ఇంగ్లీషు వేషముతో నచట స్థిరపడినవి.

ఏది మేలు? నేర్చుకొనువానికి వంతుల పేర్లే తేలిక. తాళసంజ్ఞలో క్రింద 8 అంకె యున్నచో అమెరికా బాలుడు ఎయిత్ నోట్ అని వెంటనే గ్రహించును. ఇంగ్లండు బాలుడు ఎనిమిదన క్వేవర్ అని కంఠస్థము చేయవలెను. అయినను ఈ లెక్కలోను ఒక లోపము గలదు. మూడు క్వార్టర్ నోట్ల తాళమున రెండు నిలువుగీతల నడుమ ఇముడునవి మూడే పాతికలు. హోల్ నోట్ అందు పట్టనే పట్టదు. పూర్తియనబడునది నాలుగు పాతికల తాళముననే పూర్తి. పాత పేర్లు చరిత్రను దాచుకొని యర్థమున తప్పినవి. క్రొత్త పేర్లు అర్థమును జూపి ఒక్క తాళమునకే కట్టుబడినవి.

చిక్కు ఇంతటితో తీఱదు. నిలువుగీతల నడిమి భాగమును ఇంగ్లండువారు బార్ అందురు. అమెరికావారు మెజర్ అందురు, గీతను మాత్రము బార్ అని పిలుచుటయు గలదు. ఇంగ్లండున నోట్ అను స్వరమును అమెరికాలో టోన్ అనుట గలదు. ఇంగ్లండున టోన్ అనగా రెండు స్వరముల నడిమి దూరము.

తెలుగు లిపికి ఈ బాధ తక్కువ. 1893లో ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు మదరాసున దేశీయ కృతులను పాశ్చాత్య లిపిలో ప్రకటించెను. ఆయన ప్రోత్సాహము పొందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలోనే వెలువరించెను. స యన్న హ్రస్వము ఒక యక్షరకాలము, సా యన్న దీర్ఘము రెండు. పైన నొక గీత గీచిన సగము, రెండు గీచిన పాతిక. ఫ్రాంకో గుర్తులు గీచి సాధించిన హ్రస్వదీర్ఘ భేదము తెలుగు గుణింతముననే యున్నది.

గ్రంథాలయపు అలమరలో లండను పుస్తకమును న్యూయార్కు పుస్తకమును పక్కపక్కనే యుండవచ్చును. చదువరి ముందుగా అచ్చయిన దేశమును జూచి, పిదప పరిభాషను నమ్మవలెను. ఒకదానిని సరియని వేఱొకదానిని తప్పని తోసివేయ నక్కఱలేదు. 25 పైసల నాణెము 2011 జూన్ 30తో చెలామణి తప్పినను పావలా యను మాట జనుల నోట నిలిచియే యున్నది. నాణెము పోయినను పేరు బ్రతుకును. ఆ పేరును అర్థముతో కూడ కాపాడి రాబోవువారి కందించుటయే గ్రంథాలయము చేయవలసిన పని.