మందుపాతరల మధ్య దారి: మా తండ్రిగారి సైనిక సేవ

మన అధ్యక్ష ఖండపు నూరేండ్ల చరిత్రను తిరగవేసినప్పుడు గురువులు, ఉపదేశకులు, బైబిలు స్త్రీలు, బడిపంతుళ్లు, గుడికి స్థలమిచ్చిన దాతలు మనకు కనబడతారు. అది న్యాయమే. అయితే మన సంఘముల నుండి సైన్యములో చేరి యుద్ధములకు వెళ్లినవారి మాట ఎక్కడా వేరుగా వ్రాసి లేదు. వివాహపు రిజిస్టరులో వృత్తి అనే గడిలో 'మిలటరీ' అని ఒక్క మాట ఉంటుంది, అంతే. మా తండ్రిగారి విషయములో ఆ ఒక్క మాట వెనుక ఏమున్నదో ఇక్కడ వ్రాయ తలచాము.

గోదావరి జిల్లాలలో సైన్యములో చేరడము క్రొత్త సంగతి కాదు. తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమునకు మిలటరీ మాధవరమనే పేరు ఊరికే రాలేదు. మా ఊరు అంత పేరుగలది కాదు. అరెకరము కూడా లేని ఇంట పుట్టిన మా తండ్రిగారు 1967లో, పందొమ్మిదవ యేట, జీతము కొరకే సైన్యములో చేరారు. ఆ మాట ఆయన ఎన్నడూ దాచలేదు. ఆయనను తీసుకొన్నది మద్రాసు సాపర్లని పిలువబడే మద్రాసు ఇంజనీర్ గ్రూపు. 1780లో మద్రాసు పయనీర్లుగా మొదలైన ఈ దళమునకు బెంగుళూరు కేంద్రము. వంతెనలు కట్టడము, రోడ్లు వేయడము, శత్రువు పాతిన మందుపాతరలు తీసి తన సేనకు దారి చేయడము సాపర్ల పని.

1971 డిసెంబరు 3వ తేదీ సాయంత్రము పాకిస్తాను విమానములు మన విమానాశ్రయములపై దాడి చేయడముతో యుద్ధము ఆరంభమైనది. ఆ రాత్రే విశాఖపట్నము దగ్గర సముద్రములో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయినది. ఆ వార్త తెలిసి మా ఊరివారు యుద్ధము మన గుమ్మములోకే వచ్చినదని భయపడ్డారు. మా నాయనమ్మకు మాత్రము విశాఖ చింత లేదు. ఆమె కొడుకు ఎక్కడో పంజాబు వైపు ఉన్నాడని తప్ప మరేమీ తెలియదు.

మా తండ్రిగారు అప్పుడు షకర్‌గఢ్ ప్రాంతములో ఉన్నారు. జమ్మూను పఠాన్‌కోటతో కలిపే రోడ్డుకు అక్కడినుండి ముప్పు ఉన్నందున మన సేన ఆ ప్రాంతములోనికి చొచ్చుకొని పోయినది. అడ్డముగా బసంతర్ నది, నదికి అటూ ఇటూ మందుపాతరలు. డిసెంబరు 15వ తేదీ రాత్రి మన పదాతి దళము నది దాటి అవతలి ఒడ్డున నిలిచినది. ట్యాంకులు వెళ్లి చేరకపోతే తెల్లవారేసరికి వారికి దిక్కు లేదు. ఫిరంగి గుండ్లు పడుతూ ఉండగా మద్రాసు సాపర్లకు చెందిన 9వ ఇంజనీర్ రెజిమెంటువారు దారి చేయడానికి దిగారు. మా తండ్రిగారు వారిలో ఒకరు.

పని సగములో ఉండగానే అవతలి ఒడ్డున శత్రు ట్యాంకులు కదులుతున్నవని కబురు వచ్చినది. దారి పూర్తి కాకముందే పూనా హార్స్ ట్యాంకులు ముందుకు సాగాయి. వాటిలో ఒకదానిమీద ఇరువది యొక్క యేండ్ల సెకండ్ లెఫ్టినెంటు అరుణ్ ఖేత్రపాల్ ఉన్నాడు. మరునాడు, అనగా 16వ తేదీన, కాలుతున్న ట్యాంకును విడిచి రానని పోరాడి అతడు మరణించాడు. అతనికి పరమవీర చక్ర ఇచ్చారు. అదే దినమున ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయినది. 17వ తేదీ రాత్రి పశ్చిమమున కూడా కాల్పులు ఆగాయి.

మా ఊరి గుడిలో ఆ యేటి క్రిస్మస్ ఆరాధనకు నాయనమ్మ వెళ్లినదట గాని పాట పాడలేదట. 56 ఎ.పి.ఓ. ముద్రతో ఇన్‌లాండు ఉత్తరము జనవరిలో వచ్చినది. "క్షేమము" అని, తమ్ముని బడి మానిపించవద్దని, రెండే సంగతులు అందులో ఉన్నవి.

మేము పుట్టి బుద్ధి ఎరిగేసరికి ఆయన పింఛను పుచ్చుకొని వచ్చి, కాలువ లాకుల దగ్గర చిన్న పనిలో ఉన్నారు. పశ్చిమీ స్టార్ పతకము ట్రంకు పెట్టె అడుగున పడి ఉండేది. ప్రతి డిసెంబరు 16న ఆయన ఉపవాసముండేవారు. దేశమంతా విజయ దినము జరుపుకొనే రోజు కదా, అది కృతజ్ఞతా ఉపవాసమని మేము అనుకొన్నాము.

వేదాంత కళాశాలలో చదివే రోజులలో మేము సెలవులకు ఇంటికి వచ్చి, క్రైస్తవుడు ఆయుధము పట్టవచ్చునా అని ఆయనతో వాదించాము. క్రొత్తగా నేర్చిన మాటలన్నీ వాడాము. "మీరు చేసినది పాపము కాదా నాన్నగారూ?" అని కూడా అడిగాము. అమ్మ వంటింట్లోనుండి లేచి వచ్చినది. ఆయన కోపపడలేదు. లాంతరు ఒత్తి సరిచేసి ఇట్లా అన్నారు: "అయ్యా, నేను ఎవరినీ కాల్చలేదు. దారి చేశాను. ఆ దారిన వెళ్లినవాళ్లు కొందరు తిరిగి రాలేదు. వాళ్లు వెళ్లి చంపినవాళ్లు కూడా ఎవరో తల్లి బిడ్డలే. పాపమో కాదో నువ్వు చదువుకొని చెప్పు. నేనైతే ఆ రోజు అన్నము తినలేను."

మాకు నోట మాట రాలేదు. ఇంకొక సంగతి కూడా ఆ రాత్రే చెప్పారు. కాల్పులు ఆగిన తరువాత నెలల తరబడి సాపర్లు పొలములలోని మందుపాతరలు తీస్తూనే ఉన్నారట. యుద్ధము ఆగినదని పాతరకు తెలియదనీ, నాగలి పట్టినవాడు ఏ దేశపువాడో కూడా దానికి తెలియదనీ ఆయన అనేవారు. 1972లో సిమ్లా ఒప్పందము ప్రకారము షకర్‌గఢ్ నేల పాకిస్తానుకు తిరిగి ఇవ్వబడినది. ఆ పని వృథా అయినదని మాత్రము ఆయన ఎన్నడూ అనలేదు.

ఆయన 2014లో ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమములో మేమే మాట్లాడాము గాని ఈ సంగతులు చెప్పడానికి ధైర్యము చాలలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు ఇన్నేండ్ల పరిచర్య తరువాత కూడా మా వద్ద పూర్తి జవాబు లేదు. అయితే యుద్ధమును పొగడకుండా, యుద్ధమునకు వెళ్లినవానిని నిందించకుండా జ్ఞాపకము చేసుకొనే విధము ఒకటి ఉన్నదని ఆయన ఉపవాసము మాకు నేర్పినది. ఇప్పుడు డిసెంబరు 16న మేము కూడా భోజనము మానుచున్నాము.

ఈ శతవార్షికోత్సవ సమయమున ప్రతి పాస్టరేటులోను సైన్యములో పనిచేసినవారి పేర్లు సేకరించి వ్రాయవలెనని మా మనవి. జీవించి ఉన్న పెద్దల దగ్గర యౌవనస్థులు కూర్చొని వినాలి. వాదించడానికి తరువాత సమయముంటుంది. వినడానికి ఉండదు.