జఠరాగ్ని

జఠరాగ్ని అనగా తిన్న ఆహారమును పచనం చేసి శరీరానికి పట్టేటట్లు చేసే శక్తి అని ఆయుర్వేదం చెబుతుంది. జఠరము అంటే కడుపు. దీనికే కాయాగ్ని, పాచకాగ్ని అని కూడా పేర్లు గలవు. ఒకే ఆహారం ఒకరికి బలాన్ని, మరొకరికి వ్యాధిని కలిగించడానికి జఠరాగ్నిలోని తేడాయే ముఖ్య కారణమని ఈ శాస్త్ర సిద్ధాంతం.

అగ్ని భేదములు

ఆయుర్వేదం ప్రకారం శరీరంలో అగ్నులు మొత్తం 13. అవి జఠరాగ్ని 1, భూతాగ్నులు 5, సప్తధాతువులకు చెందిన ధాత్వగ్నులు 7. మిగిలిన పన్నెండింటికి జఠరాగ్నియే ఆధారం. ఆమాశయ, పక్వాశయాల నడుమ ఉండే గ్రహణి దీని స్థానం. చరకసంహిత చికిత్సాస్థానంలోని 15వ అధ్యాయంలో ఈ విషయం విపులంగా ఉన్నది.

నాలుగు స్థితులు

* సమాగ్ని: త్రిదోషాలు సమంగా ఉన్నప్పటి స్థితి. మితంగా తిన్న ఆహారం సకాలంలో జీర్ణమవుతుంది. ఇదే ఆరోగ్య లక్షణం.
* విషమాగ్ని: వాత ప్రకోపం వలన కలుగుతుంది. ఆహారం ఒకసారి చక్కగా అరుగుతుంది, మరొకసారి అరగదు. కడుపుబ్బరం, నొప్పి ఉంటాయి.
* తీక్ష్ణాగ్ని: పిత్త ప్రకోపం వలన కలుగుతుంది. ఎక్కువ తిన్నా త్వరగా అరిగి, గొంతు ఎండుట, మంట కలుగుతాయి. ఇది మితిమీరితే భస్మక రోగం అంటారు.
* మందాగ్ని: కఫ ప్రకోపం వలన కలుగుతుంది. కొద్దిగా తిన్నా అరగక కడుపు, తల బరువెక్కుతాయి. వాడుకలో దీనిని అగ్నిమాంద్యం అంటారు.

ఆమం

అగ్ని మందగించినప్పుడు సరిగా పక్వం కాని ఆహార రసాన్ని ఆమం అంటారు. అది దోషాలతో కలిసి శరీరమంతటా వ్యాపించి వ్యాధులను కలిగిస్తుందని చెబుతారు. ఆమవాతం అనే కీళ్ల వ్యాధికి ఆ పేరు ఇందువలననే వచ్చినది.

రోగ నిర్ణయంలో స్థానం

అగ్ని కంటికి కనిపించదు కనుక, జీర్ణించుకొనే శక్తిని బట్టి దానిని ఊహించాలని చరకుడు చెప్పాడు. రోగి ఎంత తినగలడు, ఎంత అరిగించుకోగలడు అనే రెండింటినీ వైద్యుడు పరీక్షిస్తాడు. త్రేనుపు శుద్ధంగా ఉండుట, శరీరం తేలికగా ఉండుట, మలమూత్రాలు సాఫీగా వెడలుట, ఆకలిదప్పులు కలుగుట అనేవి ఆహారం జీర్ణమైనదనడానికి గుర్తులు.

చికిత్స

మందాగ్నికి కారం, చేదు, వగరు రుచులు, శొంఠి, పిప్పళ్లు, మిరియాలతో కూడిన త్రికటు చూర్ణం వంటివి వాడతారు. తీక్ష్ణాగ్నికి ఇవే హాని చేస్తాయి. దానికి తీపి, చలువ, నేయి గల పదార్థాలు తగినవి. విషమాగ్నికి నేయి, పులుపు, ఉప్పు గల ఆహారం చెప్పబడినది.

"లంఖణం పరమౌషధం" అనే నానుడి తెలుగువారిలో ప్రసిద్ధం. జ్వరంలో దోషాలు అగ్నిని దాని స్థానం నుండి తొలగిస్తాయి కనుక మొదట లంఖణం చేయించాలని శాస్త్రం చెప్పిన మాట నిజమే. అయితే ధాతుక్షయం, వాతం, భయం, శోకం, శ్రమ వలన వచ్చిన జ్వరాలలో లంఖణం కూడదని చరకుడే నిషేధించాడు. అందుచేత ఈ నానుడి అందరికీ వర్తించదు.

ఆధునిక దృష్టి

ఆధునిక వైద్యం జీర్ణక్రియను ఆమ్లం, పైత్యరసం, ఎంజైముల ద్వారా వివరిస్తుంది. జఠరాగ్ని వీటిలో ఏ ఒక్కదానికీ సరిసమానమైన పదం కాదు. దానిని కొలిచే ప్రయోగశాల పరీక్ష కూడా లేదు. ఆకలి మందగించుట, బరువు తగ్గుట వంటివి కాలేయ వ్యాధి, క్షయ, క్యాన్సర్ వంటి వ్యాధులలోనూ కనిపిస్తాయి. కావున ఇవి చాలా రోజులు కొనసాగితే అగ్నిమాంద్యమేనని ఇంటి మందులతో సరిపెట్టుకొనక, వైద్య పరీక్షలు చేయించుకొనుట అవసరం.