బండి చేయించడమా, కొనడమా?

మా ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు బండిని ఎవరూ కొనేవారు కారు, చేయించుకొనేవారు. రైతు కర్ర సమకూర్చి వడ్లాయన వాకిట్లో వేసేవాడు. ఆయన ఆకులు చెక్కి చక్రం కూర్చితే, కమ్మరి ఇనుప పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి దాని మీదికి ఎక్కించి నీళ్ళు పోసేవాడు. కూలి కల్లంలో వడ్ల రూపంగా ముట్టేది. అటువంటి సమాజంలోకి సైకిలు ప్రవేశించినప్పుడు కొనడమా, చేయించడమా అనే మీమాంస పుట్టడంలో వింత లేదు. చేయించడమే పాత పద్ధతి, కొనడమే కొత్త.

(బండి చక్రంలో ఆకు, సైకిలు చక్రంలో పుల్ల. ఆకు బరువును కింది నుంచి మోస్తుంది. పుల్ల పై నుంచి లాగి పట్టుకుంటుంది. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టినవాడెవడో గాని, చూపు గలవాడు.)

ఇప్పుడు మనం చూసే సైకిలు ఆకృతి 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్‌తో కుదురుకుంది. ఇంచుమించు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు. 1888లో డన్లప్ గాలి టైరు దానికి తోడయింది. ఆ పైన మన దేశానికి దిగుమతి అయిన రాలే, హెర్క్యులిస్, బీయస్సే సైకిళ్ళన్నీ ఆ మూసలోనివే. నిజాం కాలంలో అవి మా పల్లెలకు అధికారం వెంట వచ్చాయి. గిర్దావరు తొక్కుతుంటే జనం చూసేవారు.

స్వాతంత్ర్యం తరువాత 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్ వెలిశాయి. అయితే మన మీమాంసకు మూలం లుధియానాలో ఉంది. దేశ విభజనకు ముందే కమాలియా నుంచి అమృత్‌సర్‌కు తరలివచ్చిన ముంజాల్ సోదరులు మొదట అమ్మింది సైకిళ్ళు కాదు, సైకిలు విడిభాగాలు. తరువాత లుధియానా చేరి కొన్ని భాగాలు తామే చేయసాగారు. ఏడాదికి 7,500 సైకిళ్ళు తయారుచేసే లైసెన్సు వారికి 1956లో లభించింది. అదే హీరో. 1986లో ప్రపంచంలోకెల్లా అత్యధికంగా సైకిళ్ళు తయారుచేసే సంస్థగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కినదీ అదే. ఆ ఊరి చిన్న చిన్న కార్ఖానాల్లో ఒకరు రిమ్ములు, ఒకరు పెడళ్ళు, మరొకరు ఫ్రీవీళ్ళు చేసేవారు. అందరూ అనుసరించింది ఆ పాత సీమ మూసనే కనుక ఒకరి ఫోర్కు మరొకరి చట్రానికి పట్టేది. ఈ ఒక్క సంగతి లేకుంటే కరీంనగర్‌లో సైకిలు "చేయించడం" అనే మాటకు అర్థమే ఉండేది కాదు.

నిజానికి కంపెనీ సైకిలు కూడా మా ఊళ్ళకు పూర్తి రూపంలో వచ్చేది కాదు. భాగాలుగా వచ్చిన దాన్ని దుకాణంలో మిస్త్రీ బిగించేవాడు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనుకదానికి 40. వాటిని అల్లి, చక్రాన్ని తిప్పి చూస్తూ, ఒక్కొక్క పుల్లను బిగిస్తూ వదులుచేస్తూ బెండు తీయడమే అసలు విద్య. చేయి తిరిగిన మిస్త్రీ చేతిలో పడితే అనామకపు రిమ్ము పదేళ్ళు నిలిచేది. పడకపోతే పేరున్న సైకిలు కూడా ఆరు నెలల్లో అష్టావక్రమయ్యేది.

మరి కొనేది ఎవరు? పెళ్ళికూతురి తండ్రి. వాచీ, రేడియో, సైకిలు అల్లుడికి పెట్టవలసిన రోజుల్లో మిస్త్రీ కూర్చిన సైకిలును పందిట్లో నిలబెడితే వియ్యంకుడు ముఖం ముడుచుకునేవాడు. కంపెనీ బిళ్ళ ఉండి తీరాలి. చేయించేది ఎవరు? కిరాయి సైకిళ్ళ దుకాణందారు. మేము కైంచీ తొక్కుడు నేర్చుకున్నవన్నీ అటువంటి పేరులేని బండ్లే. గోదావరిఖని, మందమర్రి బొగ్గుబాయిలకు రాత్రి షిఫ్టుకు పోయే కార్మికుల్లోనూ, నావంటి బడిపంతుళ్ళలోనూ చేయించుకున్నవారు చాలామంది.

1986లో నాకు బస్సు పోని ఊరికి బదిలీ అయింది. రానూ పోనూ 22 కిలోమీటర్లు. కొత్త సైకిలుకు ఒక్కసారి డబ్బు పెట్టే స్థితి లేదు. మిస్త్రీ ఒక పాత ఇంగ్లండు చట్రం చూపించి, "సార్, గిది దొరికిందంటె మీ అదృష్టం. ఈ నెల రిమ్ములు కొనుండ్రి, వచ్చే నెల టైర్లు సూద్దాం" అన్నాడు. నాలుగు జీతాలకు సైకిలు తయారయింది. లెక్క వేసి చూస్తే కొత్తదానికన్నా మిగిలింది స్వల్పమే. చేయించడం చవక అని ఇప్పటికీ అంటుంటారు గాని, నా అనుభవంలో మొత్తం మీద చవక కాదు, ఒక్కొక్క నెలకు చవక. నెల జీతగాడికి ఆ తేడా చాలా పెద్దది.

దాని లోపం మూడేళ్ళకు తెలిసింది. అంగడిలో సైకిలు పోయింది. నెల తిరగకముందే దొరికింది కూడా. కాని ఠాణాలో రశీదు అడిగారు. రిమ్ములకు ఒక చీటీ, టైర్లకు మరొకటి. చట్రానికి ఏదీ లేదు. దాని మీది నెంబరు ఎప్పుడో అరిగిపోయింది. రెండు రోజులు నడిచి బడికి పోయి, మూడోనాడు మిస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన సైకిలును బోర్లించి, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం కింద వేలు పెట్టి, "ఇక్కడ రంగు గీకుండ్రి సార్, నేను పెట్టిన ఇత్తడి అతుకు కనపడ్తది" అన్నాడు. గీకారు. పసుపుపచ్చగా మెరిసింది. సంతకం పెట్టించుకుని సైకిలు ఇచ్చేశారు.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. మోపెడ్లు వచ్చాయి. ఆ ముంజాల్ కుటుంబమే జపాను హోండాతో కలిసి 1985లో తెచ్చిన మోటారు సైకిళ్ళు వచ్చాయి. పిల్లల సైకిళ్ళకు గేర్లు వచ్చి కొలతలు మారాయి. ఒకదాని భాగం మరొకదానికి పట్టదు. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం మూతపడింది.

నా చట్రం ఇంకా ఉంది. నిరుడు వెనుక రిమ్ము తుప్పు పట్టిపోతే కరీంనగర్‌లో అడిగాను. 40 రంధ్రాలది మొదటి దుకాణంలోనే దొరికింది. పుల్లలు అల్లే మనిషి కోసం రెండు వారాలు తిరిగాను.