న్యూమోథొరాక్స్: దారి తప్పిన గాలి

కోవిడ్ వార్డుల బయట ఎన్నో కుటుంబాలు తొలిసారి విన్న మాట న్యూమోథొరాక్స్. గ్రీకులో ‘న్యూమా’ అంటే గాలి, ఊపిరి. ‘థొరాక్స్’ అంటే ఛాతీ, యోధుల కవచం కూడా. 1803లో ఫ్రెంచి వైద్యుడు ఇటార్ ఈ పేరు వాడాడు. స్టెతస్కోపు కనిపెట్టిన లేనెక్ 1819లో దీని లక్షణాలు వివరించాడు.

వైరల్ న్యుమోనియా ముదిరితే, దెబ్బతిన్న గాలి తిత్తులు దగ్గుకో, వెంటిలేటర్ ఒత్తిడికో చిట్లవచ్చు. బయటపడ్డ గాలి ఊపిరితిత్తి చుట్టూ చేరి దాన్ని నొక్కేస్తుంది; అదే న్యూమోథొరాక్స్. కొందరికి ఆ గాలి మెడదాకా పాకుతుంది. అక్కడ వేలితో నొక్కితే చర్మం కింద చిటపటలాడుతుంది. గాలి ఎక్కువగా చేరితే పక్కటెముకల మధ్య గొట్టం వేసి తీస్తారు.

కోలుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి ఛాతీనొప్పి, ఆయాసం వస్తే నీరసమని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.